రణస్థలం దాటాక ఆయన నోరు విప్పుతారు

శ్రీకాకుళం నుంచి ఒక టీచరుగారు నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పేరు వేయొద్దన్నారు. వయసు 39. రణస్థలం మండలంలో ఒక ప్రభుత్వ హైస్కూల్లో పనిచేస్తున్నారు. భర్తది పైడిభీమవరంలో ఒక మందుల కంపెనీలో ఉద్యోగం. పెళ్లయి 16 ఏళ్లు. తొమ్మిదో తరగతి చదివే అమ్మాయి, ఆరో తరగతి అబ్బాయి. అత్తగారు వీళ్ల దగ్గరే ఉంటారు.

పోయిన జూన్ దాకా ఎవరి దారి వాళ్లది. ఆయన కంపెనీ బస్సులో షిఫ్టుకు వెళ్లేవారు. ఈమె మరో నలుగురు టీచర్లతో కలిసి నెలకింత అని మాట్లాడుకున్న వ్యానులో వెళ్లేవారు. ఇంట్లో ఉన్న ఒక్క కారు పండక్కో పెళ్లికో బయటికొచ్చేది. బదిలీల్లో ఇద్దరు టీచర్లు వేరే చోట్లకు వెళ్లిపోవడంతో వ్యాను ఆగిపోయింది. సరిగ్గా అప్పుడే ఆయనకు జనరల్ షిఫ్టు పడింది. ఈమెకు లైసెన్సు ఉంది గానీ హైవే ఎక్కిన అలవాటు లేదు. "ఒక వారం పక్కన కూర్చుంటాను, చెయ్యి తిరిగాక నువ్వే వెళ్దువుగాని" అన్నారట ఆయన. ఆ వారం ఇంకా పూర్తి కాలేదు. తొమ్మిది నెలలైంది.

ఏడున్నరకు బయల్దేరతారు. ఈమే నడుపుతారు. ఆయన్ని గేటు దగ్గర దించి, వెనక్కి తిప్పుకుని బడికి వస్తారు. నాలుగింటికి బడి వదిలాక స్టాఫ్ రూములో నోట్సులు దిద్దుకుంటూ కూర్చుని, ఐదున్నరకు మళ్లీ గేటు దగ్గరికి వెళ్తారు. "మొదటి పదిహేను రోజులు బ్రేకు, బ్రేకు తప్ప వేరే మాట లేదండీ. తర్వాత ఎప్పుడు మొదలైందో నాకే తెలీదు. రణస్థలం వచ్చేదాకా ఫ్యాక్టరీ సంగతులు. రణస్థలం దాటాక ఆయన సంగతులు. పదహారేళ్లలో వినని మాటలు విన్నాను" అని రాశారు. రోడ్డు పక్క ఉడకబెట్టిన వేరుశనక్కాయలు కొంటే ఆయన ఒక్కొక్కటే వలిచి, గేరు మార్చాక ఖాళీ అయిన ఈమె చేతిలో పెడతారట. తొక్కలన్నీ డోరు అరలోకి పోతాయి. శనివారం సాయంత్రం వాటిని దులపడం ఈమె పని.

అక్టోబరులో ఒక సాయంత్రం జోరున వాన. బుడుమూరు దగ్గర లారీ అడ్డం పడి ముప్పావు గంట ట్రాఫిక్ ఆగిపోయింది. అద్దాలకు ఆవిరి పట్టింది. ఆ ఆవిరిలో ఆయన చెప్పారు, ఆరేళ్ల క్రితం ఒక స్నేహితుడి 4 లక్షల అప్పుకు ష్యూరిటీ సంతకం పెట్టానని, ఆ స్నేహితుడు ఊరు విడిచిపోయాడని, రెండేళ్లుగా నెలకు రూ.6,000 తానే కడుతున్నానని. జీతంలో ఆ తేడా ఎక్కడికి పోతోందో తెలియక ఈమె మనసులో ఏమేమో ఊహించుకున్నారట. "వినగానే కోపం రావాలి కదండీ, ఏడుపొచ్చింది, తేలికైంది" అంటారు. ఒక్కటే షరతు పెట్టారట ఆయన. కారులో మాట కారులోనే, ఇంట్లో ఎత్తొద్దని.

ఇంటి గేటు దగ్గర హారన్ కొట్టగానే మళ్లీ ఇద్దరూ పాత మనుషులే. ఆయన ఫోను, ఈమె వంట. అత్తగారు కూడా అన్నారట, "ఇంట్లో మూగెద్దుల్లాగుంటారు, కారెక్కితే మీకు ఏటి కబుర్లో" అని.

జనవరి నుంచి ఆయనకు అదనపు బాధ్యత ఇచ్చారు. బయటికి వచ్చేసరికి ఆరున్నర, ఒక్కోసారి ఏడు. రెండు వారాల క్రితం ఆయన చెప్పకుండా ఒక సెకండ్ హ్యాండ్ కారుకు రూ.10,000 అడ్వాన్సు ఇచ్చి వచ్చారు. మూడున్నర లక్షల బండి. "ఇక నువ్వు నాకోసం కూర్చోనక్కర్లేదు" అన్నారు. ఇంట్లో అందరికీ సంతోషమే, ఈమెకు తప్ప. "ఆయనకు నాతో విసుగొచ్చిందా? ఆ దగ్గరితనం కారుదా, మాదా? కారు పోతే అదీ పోతుందా? వద్దని చెబితే నవ్వరా?" అని అడుగుతున్నారు.

అమ్మా,

ముందు ఆ నవ్వు సంగతి తేల్చేద్దాం. నేను నవ్వలేదు. "మా ఆయన మాట్లాడరు" అనే ఉత్తరాలు నాకు వారానికి రెండొస్తాయి. "మా ఆయన మాట్లాడుతున్నారు, ఎక్కడ ఆగిపోతారోనని భయంగా ఉంది" అని రాసింది మీరొక్కరే. ఒకే రోజు రెండుసార్లు చదివాను.

మూడో పేజీలో మీరు దాటేసిన ఒక వాక్యం ఉంది. డే అండ్ నైట్ జంక్షన్ దగ్గర కంపెనీ బస్సు ఆగుతుందనీ, జనరల్ షిఫ్టు బస్సు సగం ఖాళీగానే వెళ్తుందని పక్కింటాయన చెప్పారనీ, మీ ఆయన మాత్రం "సీటు దొరకదు" అంటారనీ రాశారు. జూన్‌లో మీకు చెయ్యి తిరిగేదాకా అన్నారు. జూలైలో చిలకపాలెం జంక్షన్‌లో లారీలు అడ్డం వస్తాయన్నారు. తర్వాత వానలన్నారు. డిసెంబరులో పొగమంచన్నారు. డబ్బు ఖర్చు లేకుండా, నిద్రపోతూ వెళ్లే బస్సును కాదనుకుని తొమ్మిది నెలలపాటు నెలకో సాకు వెతుక్కున్న మనిషికి మీతో విసుగొచ్చిందని నేనైతే అనుకోను.

మరి అప్పు చేసి రెండో కారెందుకు? దీనికీ జవాబు మీ ఉత్తరంలోనే దొరుకుతుందేమో చూడండి. ఆగస్టులో ఒకసారి "రోజూ గంట దండగైపోతోంది" అన్నానని రాశారు. జనవరిలో ఒకరోజు గేటు దగ్గర ఏడింటి దాకా కూర్చుని, ఆయన ఎక్కగానే "ఈరోజూ ఏడేనా" అన్నారట. మీరు అనేసి మరిచిపోయారు. ఆయన మరిచిపోలేదేమో. ఆయన లెక్కలో ఆ కారు మీ బాధ తీర్చడానికే అయ్యుంటుంది. మీరు దాన్ని తలుపు వేసేయడంగా తీసుకున్నారు. ఇది నా ఊహే సుమా. ఆయనకు నిజంగానే ఎప్పుడంటే అప్పుడు వచ్చే వీలు కావాలేమో. పదిమంది చూస్తుండగా భార్య పక్క సీట్లో కూర్చుని వెళ్లడం మీద ఫ్యాక్టరీలో ఎవరైనా ఏదో అని ఉంటారేమో, మన వైపు అలాంటి మాటలకు కొరత లేదు. ఏది నిజమో చెప్పగలిగేది ఆయనొక్కరే. ఆయన్ని మీరింకా అడగలేదు. నన్ను అడిగారు.

ఇక దగ్గరితనం కారుదా, మీదా అన్న ప్రశ్న. కారుకు ఇందులో వాటా లేదని చెబితే అబద్ధమవుతుంది. మీ ఇంట్లో ఆయన ఒక అమ్మకు కొడుకు, ఇద్దరికి నాన్న. మీరు కోడలు, అమ్మ, వంటిల్లు. ఆ నలభై కిలోమీటర్లలో మాత్రమే మీరిద్దరూ భార్యాభర్తలు. ఇంకొకటి, ఎదురెదురుగా కూర్చుంటే నోరు పెగలని మగవాళ్లు మన ఇళ్లలో చాలామంది ఉన్నారు. మొహం మొహం చూసుకోనక్కర్లేకపోతే, ఇద్దరి కళ్లూ రోడ్డు మీద ఉంటే, కష్టమైన మాట కూడా జారి వస్తుంది. అన్నిటికన్నా నాకు నచ్చింది, స్టీరింగ్ మీ చేతిలో ఉండటం. ఇంట్లో ఆయన మాట మొదలుపెడితే మీరు కుక్కరు విజిళ్లు లెక్కపెడుతూ వింటారు. కారులో మీరు లేచి వెళ్లలేరు, ఇంకో పని చేయలేరు. వినడమే. ఆయన కూడా పదహారేళ్లలో మొదటిసారి మీరు నడిపిన దారిలో వస్తున్నారు. మొదటి పదిహేను రోజుల తర్వాత "బ్రేకు, బ్రేకు" ఆగిపోయిందని రాశారే, ఆ ఆగిపోవడం చిన్న సంగతి కాదు.

నా సంగతొకటి చెప్తాను. మాది విజయనగరం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు మా వీధికి చాలా రోజులు కరెంటు లేదు. టీవీ లేదు, ఫోన్లు చచ్చిపోయాయి. ఉక్కకు తట్టుకోలేక రాత్రి మేడ మీద చాప వేసుకునేవాళ్లం. మా వారికి చిన్నప్పుడు సంగీత కళాశాలలో చేరి వయొలిన్ నేర్చుకోవాలని ఉండేదట, వాళ్ల నాన్న కసిరితే మానేశారట. కాపురానికొచ్చి అప్పటికి ఇరవయ్యేళ్లు. ఆ కాలేజీ ముందు నుంచే నేను వారానికి రెండుసార్లు కూరగాయలకు వెళ్లేదాన్ని. ఆ రాత్రిదాకా నాకు తెలీదు. తర్వాత ఒక సాయంత్రం కరెంటొచ్చింది, వీధంతా కేకలు, పిల్లలు టీవీ పెట్టారు. చాప మళ్లీ మేడ ఎక్కలేదు. వద్దని ఎవరూ అనలేదు. ఎక్కుదామనీ ఎవరూ అనలేదు. ఆయనకూ అనాలని ఉండేదేమో, నేను అడగలేదు. కాబట్టి కారు పోయినా ప్రేమ పోదులే అని మీకు ధైర్యం చెప్పే అర్హత నాకు లేదు. పోతుంది. గొడవతో పోదు, మామూలుగా పోతుంది.

అలాగని కారు వద్దని గట్టిగా చెప్పేయండి అనడం లేదు. మీ ముందున్న దారుల్లో దేని ఖర్చు దానికుంది.

అడ్వాన్సు వదులుకుని ఇప్పటిలాగే ఉండిపోవడం ఒకటి. మనసు అటే లాగుతోందని తెలుస్తూనే ఉంది. కానీ కారణం చెప్పకుండా వద్దంటే, ఒంటరిగా నడపడానికి భయపడుతున్నారనో, ఈఎంఐకి జంకుతున్నారనో ఆయన అనుకుంటారు. ఆ నిరీక్షణ కూడా ఉన్నట్టే ఉంటుంది. ఈసారి మీరు కోరి తెచ్చుకున్నది కాబట్టి దాని మీద సణగడానికి వీలుండదు. ఇంకో మాట, కొంచెం కటువుగా ఉంటే క్షమించండి. నాలుగు పేజీల్లో పిల్లల గురించి ఒకే ఒక్క వాక్యం ఉంది, "వాళ్లకు మామ్మ ఉంది" అని. ఏడింటికి గేటు దగ్గర బయల్దేరితే మీరు ఇల్లు చేరేది ఎనిమిదికి. జూన్ నుంచి అమ్మాయి పదో తరగతి. ఆ పిల్లకు సాయంత్రాలు ఎలా గడుస్తున్నాయో నిర్ణయానికి ముందు ఒకసారి కనుక్కోండి. బాగానే ఉందనొచ్చు. అడిగి వినండి.

కారు కొని, వారంలో మూడు రోజులు మాత్రం కలిసి వెళ్లడం ఇంకొకటి. వినడానికి బాగుంటుంది. కానీ రెండు బండ్లు ఇంటి ముందు నిలబడి ఉన్నప్పుడు, ఈరోజు నాకు లేటవుతుందిలే అనే రోజులు పెరుగుతూ పోతాయి. ఏ రోజులో ముందే అనుకుని, అవి పండగ రోజుల్లా పాటిస్తేనే నిలుస్తుంది. డబ్బు సంగతీ చూడండి. మూడు లక్షలు 12 శాతం వడ్డీకి నాలుగేళ్లకు తీసుకుంటే నెలకు సుమారు రూ.7,900 కిస్తీ. రోజుకు 80 కిలోమీటర్ల చొప్పున 24 రోజులకు 1,900 పైనే. లీటరుకు 16 ఇచ్చే బండికి 120 లీటర్ల పెట్రోలు. ఇప్పుడు అవుతున్న ఖర్చు పక్కన ఇంకో ఖర్చు ఇంచుమించు అంతే లేస్తుంది. ఇన్సూరెన్సు, టైర్లు నేను కలపలేదు. ఆ పైన ష్యూరిటీకి కట్టే ఆరు వేలు ఎలాగూ ఉంది.

మీరిద్దరూ తలపెట్టని దారి ఒకటి కనిపిస్తోంది. పొద్దున్న కలిసి వెళ్లడం, సాయంత్రం మీరు బడి అవగానే కారులో ఇంటికి రావడం, ఆయన హైవే మీద విశాఖ నుంచి వచ్చే ఆర్టీసీ బస్సు ఎక్కడం. రెండో కారు అక్కర్లేదు, పిల్లలకు మీరు ఐదున్నరకల్లా ఉంటారు, ఎదురుచూపులు పోతాయి. అయితే మీరు రాసిన కబుర్లన్నీ సాయంత్రానివే. పొద్దున్న వెళ్లేటప్పుడు ఆయన పేపరు చూస్తూనో కునికిపాట్లు పడుతూనో ఉంటారని మీరే రాశారు. అంటే ఏది పోతుందని భయపడుతున్నారో సరిగ్గా అదే వదులుకున్నట్టవుతుంది. వారంలో రెండు సాయంత్రాలు, శనివారంతో కలిపి, ఆగి తీసుకొస్తానని చెప్పొచ్చు. రెండు రోజులు ఏడింటి దాకా కూర్చోవడం ఆరు రోజులు కూర్చోవడంలా ఉండదు.

రోజూ రాత్రి భోజనాలయ్యాక అరగంట కూర్చుని మాట్లాడుకోండి అని పుస్తకాల్లో రాస్తారు. మీ ఆయన లాంటివారి దగ్గర అది పనికొస్తుందన్న నమ్మకం నాకు లేదు. కూర్చోండి, మాట్లాడండి అంటే ఆయన పరీక్ష హాల్లో పిల్లాడైపోతారు. ఆదివారం కారు కడగడం, రైతుబజారుకు వెళ్లడం, నాగావళి వంతెన దాకా నడిచి రావడం, ఇలా చేతికో కాలికో పని ఉన్నచోట ప్రయత్నించండి. సగం రోజులు ఏమీ మాట్లాడరు. ఫర్వాలేదు.

కారులో మాట కారులోనే అన్న షరతు గురించి నాదొక అభ్యంతరం. వాళ్ల నాన్న మీద ఉన్న కోపం, రాత్రుళ్లు నిద్ర పట్టకపోవడం, ఇలాంటివి కారులోనే ఉండనివ్వండి. ఆయన నమ్మి చెప్పారు, ఆ నమ్మకం పాడు చేయొద్దు. అప్పు అలా కాదు. దాన్ని కాగితం మీదికి తేవాల్సిందే. మన కాంట్రాక్టు చట్టం 1872 నాటిది, దాని ప్రకారం ప్రత్యేకంగా ఇంత వరకే అని రాసుకుంటే తప్ప, అప్పు తీసుకున్నవాడికి ఎంత బాధ్యతో ష్యూరిటీకి అంతే బాధ్యత. అదే చట్టం, తాను కట్టిన డబ్బును ఆ స్నేహితుడి నుంచి రాబట్టుకునే హక్కు కూడా ఇస్తుంది. కానీ దానికి గడువుంది, కట్టిన రోజు నుంచి మూడేళ్లు. ఆయన కట్టడం మొదలుపెట్టి రెండేళ్లైందంటున్నారు. అంటే మొదట కట్టిన కిస్తీలకు ఇక ఏడాదే మిగిలింది. రసీదులన్నీ ఒక ఫైల్లో పెట్టి, శ్రీకాకుళం కోర్టులో సివిల్ కేసులు చూసే వకీలు ఎవరినైనా ఒకసారి కలవండి. స్నేహితుడి మీద దావా వేయాలా వద్దా అన్నది తర్వాత మాట, ఆయన ఇష్టం. ఇంత బాకీ ఎక్కడ తేలుతుందో తెలియకుండా కొత్త కిస్తీకి సంతకం పెట్టడం మాత్రం నాకు నచ్చలేదు. ఈ సంగతి అత్తగారి ముందు ఎత్తక్కర్లేదు. "ఆ అప్పు కాగితాలు మనిద్దరం కలిసి చూసుకుందాం" అని ఒక్కమాట కారులోనే అడగండి. షరతు తప్పినట్టు కూడా అవదు.

అత్తగారి మాటను మీరు దెప్పిపొడుపుగా రాశారు. నాకు అది కొంచెం దిగులుగా వినిపించింది. కొడుకు నోరు ఎక్కడో తెరుచుకుంటోందని ఆవిడకు తెలిసింది, ఆ చోట ఆవిడకు సీటు లేదు. ఒక ఆదివారం కాకుండా, ఆదివారాలు రద్దీ కదా, ఇంకో సెలవు రోజున ఆవిడను వెనక సీట్లో కూర్చోబెట్టుకుని అరసవల్లి తీసుకెళ్లండి. మీరే నడపండి. ఆ రోజు మీ ఇద్దరికీ మాటలుండవు, ఆవిడే మాట్లాడతారు. ఆయన చిన్నప్పటి సంగతులు కొన్ని మీకు ఊరికే దొరుకుతాయి.

ఇక ఆయనతో చెప్పడం. "మనం మాట్లాడుకోవాలి" అని మొదలుపెట్టకండి, ఆ మాటకే ఆయనకు బీపీ వస్తుంది. ఉత్తరాలు, మెసేజీలు వద్దు. కారు డబ్బు కట్టే రోజుకు ముందు ఒక సాయంత్రం, రణస్థలం దాటాక, ఆయన వేరుశనక్కాయ వలుస్తున్నప్పుడు, రోడ్డు మీద నుంచి కళ్లు తిప్పకుండా, "నాకు ఈ గంట బాగుంటోంది, ఇది పోతుందేమోనని ఆ కారంటే ఇష్టం లేదు" అనండి. అంతే. వివరణ ఇవ్వకండి. ఆయన వెంటనే ఏమీ అనకపోవచ్చు. సుభద్రాపురం, బుడుమూరు, చిలకపాలెం కూడా మాట లేకుండా దాటిపోవచ్చు. మీరు ఖాళీని నింపకండి. ఎచ్చెర్ల యూనివర్సిటీ దగ్గరో, కుశాలపురం దగ్గరో ఏదో అంటారు. అది "పది వేలు పోతాయే" అన్న మాట కూడా కావచ్చు. ఆ మాటకు నొచ్చుకోవద్దు. అడ్వాన్సు వెనక్కి వస్తుందేమో అడిగి చూద్దామనండి. ఒకవేళ "లేదు, నాకు వేరే బండి కావాలి, లేటైనప్పుడు నీ మొహం చూడాలంటే గిల్టీగా ఉంటోంది" అంటే, అప్పుడు మాట్లాడాల్సింది కారు గురించి కాదు, ఆ అదనపు బాధ్యత ఎంతకాలం అన్నదాని గురించి. ఆయన అసలు కారణం ఏదైనా ఈ ఒక్క వాక్యంతో మీకేమీ పోదు. ఆయనకు తెలియాల్సింది తెలుస్తుంది.

ఉత్తరం చివర చిన్న అక్షరాలతో ఇంకోటి అడిగారు. నేను బాగానే నడుపుతున్నా, లారీ దగ్గరకు వెళ్లినప్పుడల్లా ఆయన కుడికాలితో లేని బ్రేకు తొక్కుతారు, నోటితో అనడం మానేసినా కాలితో మానలేదు, అంటే నా మీద ఇంకా నమ్మకం కుదరలేదా అని. మా వారు ముప్పయ్యేళ్లుగా నడుపుతున్నారు, ఒక్క గీత పడలేదు. పక్క సీట్లో నేను ఇప్పటికీ తొక్కుతూనే ఉన్నాను.